తలుపు తీసిన మనిషి

డీలియా క్రోనిన్ ఇస్త్రీ పెట్టెను చెంప దగ్గరకు తెచ్చి వేడి చూసింది. ఇంకాస్త కాగాలి. దాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, వెనక కాగుతున్న ఇంకో పెట్టెను అందుకుని, అడుగును మైనం గుడ్డకు ఒకసారి రాసింది. బల్ల మీద గంజి పెట్టిన చొక్కా రొమ్ముభాగం తడిగా, బూడిదరంగులో పరుచుకుని ఉంది. పెట్టె మొన కాలరు కింద నుంచి బయలుదేరి నెమ్మదిగా దిగుతుంటే, దాని వెనక తెల్లటి నునుపు పుట్టుకొస్తోంది. ఆమెకు ఈ పనిలో నచ్చేది అదొక్కటే. ముడత ఉన్నచోట ముడత ఉండేదన్న గుర్తు కూడా మిగలదు.

పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి దిగిపోయింది. ముంజేతుల మీద పాత కాలిన గాయాలు మానిపోయి చేప పొలుసుల్లా మెరుస్తుంటాయి. ఆవిరికి జుట్టు నుదుటికి అతుక్కుని, సాయంత్రానికి ముఖం ఉడికిన బంగాళాదుంపలా అవుతుంది. వెల్డన్ ఫాల్స్ ఊళ్ళో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. పలకరించి మాట్లాడేవాళ్ళు మాత్రం తక్కువ.

లాండ్రీ కిటికీ అద్దాల మీద మార్చి నెల తడిమంచు జారుతోంది. డీలియా పెరట్లోకి వెళ్ళి బొగ్గు తెచ్చింది. ఎదురు బల్ల దగ్గర ఉన్న కేట్ టోబిన్ తల ఎత్తకుండానే అడిగింది.

"తలుపేశావా, డీలియా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అందులో కసి లేదు. తిన్నావా అని అడిగినట్టే అడుగుతారు. డీలియా బొగ్గు పొయ్యిలో వేసి చేతులు దులుపుకుంది.

రోజలీ ఆ వారమే పనిలో చేరింది. కెనడా నుంచి వచ్చిన విధవరాలు, పెద్ద కళ్ళ మనిషి. "ఈవిణ్ణి అందరూ అదే అడుగుతారేంటి?" అంది.

"నీకు తెలీదూ?" కేట్‌కు ప్రాణం లేచొచ్చింది. "గుట్ట మీద కిటికీలెప్పుడూ వేసుండే ఇల్లు చూశావా? ట్రాస్క్ గారిది. ఆ ముసలాయన్నీ, ఆయన చెల్లెల్నీ పట్టపగలు ఎవడో పొయ్యి కెలికే చువ్వతో కొట్టి చంపేశాడు. ఎవడన్నది ఇప్పటికీ తేలలేదు. బోస్టన్ నుంచి పేపరోళ్ళు వచ్చి కూర్చున్నారు నెలల తరబడి. లోపలికెలా వచ్చాడంటావా? వంటింటి పక్క తలుపు బార్లా తీసుంది. తీసిందెవరు? ఇదిగో, మన మహాతల్లి. ఆ ఇంట్లో పనిపిల్ల అప్పుడు."

"కావాలనా?"

"కావాలని ఎందుకు తీస్తుందే? మరుపు. ఆ వయసులో మనసు ఒక చోట ఉంటుందా? ఇంకో మాట విను. అసలు కూతురే కొట్టి చంపిందని సగం ఊరు అనుకుంది. ఈవిడ తలుపు మరిచిపోబట్టి ఆ మిస్ హారియట్ ఉరి తప్పించుకుంది. మన డీలియా లక్షాధికారికి ప్రాణం పోసిన మనిషి, ఏమనుకున్నావు."

"నీ పెట్టె కింద బట్ట కాలుతోంది, కేట్," అంది డీలియా.

కేట్ నాలుక కరుచుకుని పెట్టె ఎత్తింది. ఈసారి కేట్‌ను చూసి నవ్వారు.

డీలియా మళ్ళీ చొక్కా మీదికి వంగింది. ఇన్నేళ్ళలో ఈ కథ ఆమె ఎదుటే ఎన్నోసార్లు చెప్పారు. మొదట్లో లేచి బయటికి వెళ్ళిపోయేది. తర్వాత వినడం అలవాటైంది. భయం పుట్టింది ఆ తర్వాతే. ఒక రాత్రి తన గది గడియ పెట్టి పడుకుని, లేచి మళ్ళీ చూసి, పడుకుని, మళ్ళీ లేచి చూసింది. ఆ రోజు నిజంగా వేశానా? వేళ్ళకు ఇనుప గడియ చల్లగా తగిలిన జ్ఞాపకం ఉంది. అది ఆ పొద్దుటిదేనా? అంతకు ముందు రోజుదా? ఊరంతా ఒక మాట అంటుంటే, దానికి ఎదురుగా తన దగ్గర ఉన్నది వేలికొసన ఒక చల్లదనం. అదీ అరిగిపోతోంది.

అందుకే ఆమె రెండో జ్ఞాపకాన్ని పట్టుకుంది. అందులో తను ఒక్కతే కాదు. ఇంకొకరు ఉన్నారు.

ఆగస్టు నెల. నేలమాళిగలో బట్టలు ఉతికి పైకి వచ్చేసరికి పెద్దాయన చెల్లెలు చిన్నమ్మగారు మెట్ల మీద, పెద్దాయన సోఫా పక్కన పడి ఉన్నారు. చిన్నమ్మగారు అప్పటికే పోయారు. పెద్దాయన గొంతులో మాత్రం ఇంకా గురక ఉంది. డీలియా కేక వేయలేదు. ఎవరైనా పోతున్నప్పుడు తన తల్లి చేసేదే ఆమె చేతులు చేశాయి. పోయే ప్రాణానికి దారి కావాలి. తలుపులు మూసి ఉంటే ఎటు పోవాలో తెలియక ఇంట్లోనే కొట్టుకుంటుంది. ఆమె వంటింట్లోకి పరుగెత్తి, పక్క తలుపు గడియ తీసి, బార్లా తోసి, గుమ్మానికి ఒక పక్కగా నిలబడింది. ఆ దారిలో ఎవరూ అడ్డం నిలవకూడదు.

తలుపు తెరుచుకోవడం చూస్తూనే తోటలోంచి మిస్ హారియట్ వచ్చింది, ఒడిలో బేరి పళ్ళు పట్టుకుని. గుమ్మంలో ఆగింది. "ఏమిటే అలా నిలబడ్డావు?"

"జరగండమ్మా," అంది డీలియా. "నాన్నగారు వెళ్తున్నారు. దారివ్వండి."

మిస్ హారియట్ ఆమెను చూసింది. లోపలికి చూసింది. ఏమీ అడగకుండా ఒక పక్కకు జరిగింది. ఇద్దరూ గుమ్మానికి చెరో వైపు, బయటి ఎండ మధ్యలోంచి నేల మీద పడుతుండగా, గురక ఆగేదాకా నిలబడ్డారు. ఒక పండు జారి గడప మీద పడింది. ఎవరూ వంగలేదు.

విచారణ ముందురోజు మిస్ హారియట్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "తలుపు సంగతి నువ్వెత్తకు, డీలియా. ప్రాణం, దారి అంటే ఆ పెద్దమనుషులు నవ్వుతారు. నిన్ను పిచ్చిదంటారు. నేను చూశానుగా. వాళ్ళకు అర్థమయ్యేలా నేను చెప్తాను." అంతవరకు ఆ ఇంట్లో ఎవరూ ఆమె చేతులు పట్టుకోలేదు. డీలియా నమ్మింది. మర్నాడు అధికారి, తలుపు వేసి ఉందా అని అడిగితే, "మిస్ హారియట్ గారు చెబుతారండి. ఆవిడ చూశారు," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఎంత నిబ్బరంగా ఉందో ఇప్పటికీ గుర్తు.

తర్వాత మిస్ హారియట్ లేచి, నల్ల ముసుగు వెనక నుంచి మెల్లగా చెప్పింది. "నేను తోటకు వెళ్ళేటప్పుడే తలుపు తీసి ఉంది. పనిపిల్లను నేనేమీ అనను."

అధికారి డీలియాను మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ఆమెను ఏ ఇంట్లోనూ పనిలో పెట్టుకోలేదు. గుర్రపుబండి తోలే కాన్ షీహన్‌కు ఆమె అంటే ఇష్టం. కానీ వాళ్ళమ్మ, ఇంటికి గడియ పెట్టడం తెలియని పిల్ల మనకెందుకురా అంది. అతను తల వంచుకుని ఊరుకున్నాడు. చంపింది ఎవరన్న ఆలోచన డీలియాకు ఎప్పుడూ ఎక్కువసేపు నిలవలేదు. అది ఆ ఇంటి సంగతి. తనది తలుపు. ఆ తలుపును మూసి ఉండగా చూసి, తెరుస్తుండగా చూసిన మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి గుట్ట మీద కిటికీలు వేసుకుని బతికే ఉంది. ఏదో ఒక రోజు నోరు విప్పుతుంది. మనిషి పోయే ముందు అబద్ధం మోసుకుపోదు కదా.

మధ్యాహ్నం ట్రాస్క్ ఇంటి బండివాడు లాండ్రీ గుమ్మంలో టోపీ దులుపుకుంటూ నిలబడ్డాడు.

"డీలియా క్రోనిన్ ఎవరమ్మా? అమ్మగారు రమ్మంటున్నారు. మంచం మీదున్నారు. రాత్రి గడవదన్నారు డాక్టరు గారు. సమాధిలోకి వేసుకునే గౌను ఏదో ఉందట, నువ్వే ఇస్త్రీ చెయ్యాలంట. ఇంకెవరి చెయ్యీ పడకూడదంట."

గదిలో ఇస్త్రీ పెట్టెలన్నీ ఆగాయి. కేట్ ఒక్కతే తమాయించుకోలేకపోయింది. "వెళ్ళిరా తల్లీ. ఈసారన్నా వేసి రా."

డీలియా కోటు బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకుంది. బండి గుట్ట ఎక్కుతున్నంతసేపూ ఆమె తనలో తను మాట్లాడుకుంది. గౌను ఒక సాకు. పాతికేళ్ళకు పైగా మాట కూడా లేని మనిషి పిలిచిందంటే అది ఇస్త్రీకి కాదు. ఇంకెవరైనా పక్కనుంటే బాగుండు. ఒక్కరు చాలు. అబద్ధం ఎందుకు చెప్పావని అడగను. చూశానని అంటే చాలు.

వంటింట్లో నర్సు ఫిస్క్ బల్ల మీద దుప్పటి పరిచి ఉంచింది. చన్నీళ్ళు చిలకరించి చుట్టిపెట్టిన గౌను విప్పితే, పలచటి తెల్లబట్ట, రొమ్ము మీద సన్నటి కుచ్చిళ్ళు, చేతుల అంచుకు లేసు. మిస్ హారియట్ స్వయంగా కుట్టుకుందట. "పైన పాస్టరు గారున్నారు," అంది నర్సు. "ప్రార్థన అయ్యాక పిలుస్తాను. ఈలోపు మొదలుపెట్టు."

పాస్టరు గారున్నారు. డీలియాకు ఆ మాట గుండెలో దీపంలా వెలిగింది. పెట్టె చెంప దగ్గర పట్టుకుని చూసి, కుచ్చిళ్ళు ఒక్కొక్కటే వేలితో విడదీసి నొక్కింది. వెనకభాగం, మెడ పట్టీ, ఎడమ చెయ్యి అయ్యాయి. ఇంత బాగా ఆమె ఎప్పుడూ చేయలేదు. కుడి చెయ్యి బల్ల మీదికి లాగుతుంటే పైనుంచి పిలుపు వచ్చింది.

మంచం మీద మిస్ హారియట్ చిన్నపిల్లలా కుంచించుకుపోయి ఉంది. ముక్కు ఒక్కటే పెద్దగా కనిపిస్తోంది. మంచం పక్కన పాస్టరు మోకాళ్ళ మీద పుస్తకం మూసి కూర్చున్నాడు.

"వచ్చావా," అంది మిస్ హారియట్. "నీ చేతులు ముసలివైపోయాయి."

"అవునమ్మా."

"దగ్గరకు రా. పాస్టరు గారూ, మీరూ వినండి. ఈ మాట చెప్పకుండా పోతే నాకు శాంతి ఉండదు."

డీలియా మంచం కమ్మీ పట్టుకుంది.

"ఆ తలుపు గురించి, డీలియా." ఊపిరి అందక ఆగింది. "నిన్ను క్షమించాను. ఎప్పుడో క్షమించాను. నువ్వప్పుడు చిన్నపిల్లవి. మరిచిపోయావు. నా మనసులో నీ మీద ఏమీ లేదు."

పాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. నర్సు గుమ్మం దగ్గర తల వంచింది.

డీలియాకు తన గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది. "మీరు పక్కకు జరిగారమ్మా. నేను గడియ తీస్తే మీరొచ్చారు. ఒళ్ళో బేరి పళ్ళు. నాన్నగారు వెళ్తున్నారు, దారివ్వండంటే జరిగారు."

"పళ్ళా?" అంది మిస్ హారియట్.

డీలియా ముందుకు వంగి ఆ కళ్ళలోకి చూసింది. అబద్ధం కోసం వెతికింది. అబద్ధం దొరికితే చాలు, దాని వెనక నిజం ఉంటుంది. ఒక భయమో, ఒక రెప్పపాటో. ఆ కళ్ళు తేటగా, అలసటగా, జాలిగా ఉన్నాయి. అక్కడ గుమ్మం లేదు. ఎండ లేదు. దొర్లిన పండు లేదు. చెప్పిన మాటనే అన్నేళ్ళూ లోపల చెప్పుకుని చెప్పుకుని ఆవిడ అందులోకి మకాం మార్చేసింది. పాత ఇంటికి దారి కూడా మరిచిపోయింది. ఇంతకాలం డీలియా తన నిజాన్ని దాచుకున్నది ఈ తలకాయలోనే. ఆ సొత్తు ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

"పాపం," మిస్ హారియట్ పాస్టరు వైపు తిరిగింది. "ఇంకా అదే మనసులో పెట్టుకుని కుమిలిపోతోంది."

"ఏమైనా చెప్పమ్మా," అన్నాడు పాస్టరు మెత్తగా. "ఆవిడ అంత మాట అన్నారు."

డీలియా నోరు తెరిచింది. థాంక్స్ అని అలవాటుగా నాలుక దాకా వచ్చింది. మింగేసింది.

"పని సగంలో ఉంది," అని కిందికి దిగింది.

వంటింట్లో పెట్టె ఎర్రగా కాగి ఉంది. దాన్ని తీసి చల్లారనిచ్చి, ఇంకోటి పొయ్యి మీద పెట్టి, కుడి చెయ్యి పరిచి, దాని ముందు నిలబడింది. ఎంతసేపు నిలబడిందో తెలియదు. లోపల కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. వేలికొసల మీద చల్లదనం కోసం తడుముకుంది. వేళ్ళకు ఇప్పుడు వేడి తప్ప ఇంకేమీ తెలియడం లేదు. వేశానా? అడిగితే చెప్పేవాళ్ళు ఇక ఎవరూ లేరు. తనతో సహా.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. నర్సు వచ్చి కుర్చీలో కూలబడింది.

"పోయారు. నిద్రలో పోయినట్టే పోయారు. నీతో మాట్లాడాక మనసు తేలికపడినట్టుంది," అని, బల్ల వైపు చూసి, "గౌను అయిందా? ఒళ్ళు బిగుసుకోకముందే వేసేయాలి," అంది.

డీలియా పెట్టెను దాని పీట మీద పెట్టింది. ఏప్రన్ విప్పి మడిచింది. కోటు తొడుక్కుని బొత్తాలు కింది నుంచి పైదాకా పెట్టుకుంది. ఈసారి ఒక్కటీ తప్పలేదు.

"అదేమిటి, ఇంకో చెయ్యి మిగిలిపోయిందే?" అంది నర్సు.

"దానికీ క్షమిస్తారులెండి ఆవిడ," అంది డీలియా.

ఆమె వెళ్ళిపోయాక నర్సు కుర్చీలోంచి లేచి బల్ల దగ్గరకు వచ్చింది. బల్ల మీద గౌను పడి ఉంది. కుచ్చిళ్ళన్నీ గీత గీసినట్టున్నాయి, ఎడమ చెయ్యి మనిషి వచ్చి దూర్చుకోవడానికి సిద్ధంగా నిటారుగా చాపుకుని ఉంది, కుడి చెయ్యి మాత్రం పిండిన గుడ్డలా మెలితిరిగి బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతూ, లేసు వైపు నుంచి మెల్లగా ఆరుతోంది.