ఇంజనుకు మంచినీళ్లు

కాలువకు నీళ్లు కట్టేశారన్న మాట వినగానే ఊరంతా గంపలు, వలలు పట్టుకొని అందులోకి దిగింది. మిగిలిన మడుగుల్లో చేపలు మరి. కర్నూలు రాజధాని అయి రెండేళ్లయింది, ఎవరికయిందో గానీ.

నేను కాలువ ఆఫీసరు మోటారు పడవ నడుపుతాను. మళ్లీ నీళ్లు వదిలేదాకా పడవ షెడ్డులో ఉండాలి. అంతకుముందు ఇంజనును చల్లబరిచే గొట్టాల్లోని బురదనీళ్లు తీసేయాలి. అట్లాగే వదిలేస్తే బురద ఎండి ఇటుకలా బిగుస్తుంది. మంచినీళ్లు పట్టించి, తేటగా బయటికొచ్చేదాకా ఇంజను తిప్పి, అడుగు కొళాయి విప్పి చుక్క లేకుండా వంచేయాలి. పొద్దుగూకేలోపల షెడ్డు తాళంచెవి ఇవ్వమని ఆఫీసరు హుకుం. నీళ్లొచ్చిన రోజు ఇంజను కదలకపోతే నా పని పోతుంది. మళ్లీ బేతంచెర్ల రాళ్ల గనికే.

మడుగు చూస్తే చేపలవాళ్ల కాళ్ల కింద అంబలిలా ఉంది.

"మీ పేట బాయిలో నీళ్లుండాయి గదప్పా, పోస్కో," అన్నాడు కాలువ కాపలా పీర్ బాషా.

"ఉప్పునీళ్లు. ఇనుమును తింటాయి."

"మీరు తాగుతాండారే?"

"మేం ఇనుము కాదులే."

మంచినీళ్ల బావి పెద్ద వీధిలో ఉంది. దాని చేంతాడు మా పేటవాళ్లం ముట్టకూడదు. పక్కన నిలబడి పిలిస్తే ఎవరో ఒకరు వచ్చి, చేది, మా కుండలోకి ఎత్తునుంచి పోస్తారు. కావడి, డబ్బాలు దించి పిలిచాను. ఎవరూ పలకలేదు. అందరూ కాలువలోనే. కూర్చున్నాను, లేచాను, వీధి చివరిదాకా పోయి వచ్చాను. ఎండ గోడలెక్కింది. ఇంకోసారి పిలిచి, తాడు పట్టుకున్నాను.

రెండో డబ్బా నిండుతుండగా బావి ఎదురింటి పెద్దక్క గంప నెత్తిన పెట్టుకొని వచ్చింది.

"ఏమిరా ఏసుమణీ! తాడు ముట్టినావా?"

"ముట్టినానమ్మా. పోసేవాళ్లు లేరు. సర్కారు ఇంజనుకు ఇంకా కావాల."

ఆమె వీధి అటూ ఇటూ చూసింది. గంపలో చేపలింకా కొట్టుకుంటున్నాయి. బావి మైలపడిందని కేకేస్తే అయ్యవారొచ్చి శుద్ధి చేసేదాకా ఒక్కరూ నీళ్లు తోడరు. ఈ పూట ఊరంతా చేపల పులుసు.

"మా ఆయనొచ్చేలోపల తోడుకోని పో," అంది గొంతు తగ్గించి. గంప దించింది. "ముందు వీటిమీద ఒక చేద పొయ్. నా చేతులంతా బురద."

పోశాను. ఎత్తునుంచే పోశాను.

"ఇంకా పొయ్‌రా, జిగురు పోలేదు!"

కావడి మోసి షెడ్డులో డ్రమ్ము నింపి, ఇంజను గొట్టం అందులో వేసి తిప్పాను. మొదట బెల్లంపాకంలా వచ్చింది. తర్వాత పలచబడింది. ఆఖరికి తేట నీళ్లు. ఇంజను ఆపి అడుగు కొళాయి విప్పాను.

కాలువ గట్టు మీద మగవాళ్ల గొంతులు లేచాయి. పీర్ బాషా షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు.

"నీ పేరే అంటాండారప్పా. ఎవరో చూసినట్లుండాది. పెద్దక్క మొగుడు కట్టె పట్టుకున్యాడు. వెనక దావన పో."

"ఇంకా చుక్కలు పడతాండాయి."

"ఇంజను యాడికీ పోదు గదప్పా!"

గొంతులు షెడ్డు దగ్గరికొచ్చాయి. నేను కొళాయి కింద అరచెయ్యి పెట్టుకొని కూర్చున్నాను, అది తడవడం మానేదాకా.