భయం లేని క్లాసు

మా అక్క కొంప ముంచింది నేను గీసిన గ్రాఫే.

బడిపిల్లల భయాలు కొలిచే సర్వే అది. “రాత్రి నిద్ర పట్టదు”, “చిన్న తప్పు చేసినా గుండె దడదడలాడుతుంది” లాంటి వాక్యాలకు పిల్లలు అవుననో కాదనో టిక్కు పెట్టాలి. లెక్క తేల్చడం నా ఉద్యోగం. అందర్నీ ఒకే కుప్పగా పోసి సగటు తీస్తే కుదరదు. డబ్బాలో డబ్బాలాగా పిల్లలు క్లాసులో, క్లాసులు బడిలో ఉంటాయి. భయాల తేడాలో పిల్లల వాటా ఎంత, క్లాసు వాటా ఎంత అన్నది కంప్యూటర్లో నడిపే లెక్కల మోడల్ విడదీసి చెబుతుంది. చెప్పింది. ఒక క్లాసు మాత్రం భయంలో మిగతా వాటికి అందనంత పైన ఉంది. నా దగ్గర క్లాసుకు అంకె తప్ప టీచరు పేరు లేదు. సాయంత్రం ఫోనొచ్చాకే ఆ అంకె ఎవరిదో తెలిసింది.

“ఒరేయ్, నేను పిల్లల్ని హడలగొడుతున్నానట! సోమవారం నుంచి క్లాసు తీసేసి లైబ్రరీలో కూర్చోబెడతారట. ఎవడో మహానుభావుడు లెక్క తేల్చాడట.”

“ఆ మహానుభావుణ్ణి నేనేనక్కా.”

“నీ మొహం మండ!” అని ఫోన్ పెట్టేసింది.

పిల్లిని కూడా గట్టిగా అదిలించలేని మనిషి మా అక్క. మా ఇద్దరిలో అరుపులన్నీ నా వంతుకొచ్చాయి. మర్నాడు ఆఫీసులో మోడల్ మళ్లీ నడిపాను. అదే గ్రాఫు. సిగ్గేసింది, ఒళ్లు మండింది, అంతకన్నా ఎక్కువగా కుతూహలం పట్టుకుంది. అక్క చుట్టూ అంత భయం ఎక్కణ్ణుంచి వచ్చిందసలు?

ఇలాంటి సర్వేల్లో నిజాయితీని పరీక్షించడానికి “నాకెప్పుడూ కోపం రాలేదు” లాంటి వాక్యాలు కొన్ని కలుపుతారు. దానికి అవునన్నవాడు మనల్ని బుట్టలో వేస్తున్నట్టే. వాటిని ముందే చూశాను గానీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది, అందర్నీ కుప్ప పోసి చూశాను. ఇప్పుడు క్లాసులవారీగా విడదీశాను. ఓరి నాయనో! మిగతా క్లాసుల్లో అందరూ బుద్ధిమంతులే, ఒక్కడికీ కోపమన్నది తెలియదట. అక్క క్లాసులో మాత్రం అందరికీ కోపమొస్తుంది.

అక్కకు ఫోన్ చేశాను. “కాగితాలిచ్చి నువ్వేం చేశావ్?”

“ఏం చేస్తాన్రా? ఉన్నదున్నట్టు పెట్టండి, నేను చూడనని చెప్పి వరండాలో నిలబడ్డా. అదీ తప్పేనా?”

మా అమ్మాయిది అదే బడి, పక్క క్లాసు, పక్క అంకె. గ్రాఫులో భయం అందరికన్నా తక్కువున్న క్లాసు. ఇంటికి రాగానే అడిగాను.

“భయం లేదనే పెట్టా నాన్నా. అందరం అదే పెట్టాం. మేడమ్ వెనకాలే తిరుగుతూ చూస్తున్నారుగా!”

వెంటనే ప్రిన్సిపాల్‌కు ఫోన్ కలిపాను. “భయం లేకపోవడం కాదు సార్, నోరు విప్పకపోవడం! మా అక్క ఒక్కతే బయట నిలబడింది!” అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఆయన కాసేపు గొణిగి దిగొచ్చాడు. టీచర్లను బయట నిలబెట్టి మళ్లీ సర్వే చేయిస్తారు. అందాకా క్లాసు అక్కదే. ప్రాణం లేచొచ్చింది.

ఫోన్ పెట్టి చూస్తే అమ్మాయి తలుపు పక్కన నిలబడి ఉంది.

“నాన్నా, ఆ కాగితం ఇంకోటుందా?”

సంచిలోంచి తీసిచ్చాను.

“అత్తలాగా నువ్వూ బయట నిలబడాలి.”

నవ్వుకుంటూ వెళ్లి గుమ్మం అవతల నిలబడ్డాను. కాసేపటికి లోపల్నుంచి పిలిచింది.

“నాన్నా, నువ్వు అరిచినప్పుడు ఎలా ఉంటుందో ఇందులో అడగలేదు. కింద రాయనా?”

నా గుండె దడదడలాడింది. ఏం రాస్తుందో ఇప్పుడే లోపలికెళ్లి చూడాలనిపించింది.

“రాయి తల్లీ,” అన్నాను. “నేను చూడను.”