ఒబ్దూలియా వంతు తాళం

లారీ ఊరి నడిబజారులోంచే పోయింది. దొంగకైతే దొడ్డిదారి కావాలి, దొరకెందుకు? మరియమాత గుడి గుమ్మం రాళ్లు, వందల ఏళ్ల కింద ఈ ఊరి చేతులు చెక్కిన సింహాలూ ద్రాక్షతీగలూ, ఎండుగడ్డి మీద పడుకుని లెయాన్ పట్నానికి పోతున్నాయి. అక్కడ డాన్ లెయాంద్రో కొత్త మేడ కడుతున్నాడు. చలికాలంలో మంచు బరువుకు గుడి కప్పు సగం కూలినప్పుడు "నేను బాగుచేయిస్తా" అన్నది రాతి క్వారీ నడిపే ఆ దొరే. బాగుచేయడమంటే ఇదన్నమాట!

ఆడవాళ్లు వాకిళ్లలో నిలబడి శాపనార్థాలు పెట్టారు. ఒబ్దూలియాకి మాత్రం నోరు పెగల్లేదు.

ఎలా పెగులుతుంది? ఆ ఊళ్లో గుడి తాళంచెవి ఇంటింటికీ వంతున తిరుగుతుంది. గంట కొట్టి ఊరి సభ పిలవకుండా దాన్ని పరాయి చేతిలో పెట్టకూడదు. అది ఊరి కట్టు. ఈ ఏడు వంతు ఆమెది. దొర మేస్త్రీ వచ్చి, "కప్పు కొలతలు తీసుకుని సాయంత్రానికి ఇచ్చేస్తానమ్మా. మీ అబ్బాయి ఒనేసిమో క్వారీలో బాగా పనిచేస్తున్నాడు, దొరగారు గుర్తుపెట్టుకున్నారు" అన్నాడు. ఆ చివరి మాటకు భయపడిందో మురిసిపోయిందో ఆమెకే తెలియదు, ఇచ్చేసింది. సాయంత్రం తిరిగొచ్చింది కూడా. దాని అచ్చుతో ఇంకోటి చేయించుకున్నారని లారీని చూశాకే తెలిసింది.

ఊరు మాత్రం ముసలి ప్రిస్కోని అనుమానించింది. అంతకు ముందు ఏడు వంతు అతనిది, అప్పుడే దొంగ తాళంచెవి చేయించి ఉంటాడన్నారు. పైగా అతని అల్లుడు దొర కారు నడుపుతాడు. ఇంకేం, తేలిపోయింది! సారాకొట్టులో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. అతని ఆవుల్ని ఊరి మందలో కలపనివ్వలేదు. ముసలాయన ఒక్కడే రెండావుల్ని కొండకు తోలుకుపోతుంటే ఒబ్దూలియా కిటికీలోంచి చూసేది. ఈవేళ చెప్పేస్తాననుకునేది. కొడుక్కి అన్నం మూట కట్టేసరికి రేపు చూద్దాంలే అనుకునేది. తన మీద తనకే అసహ్యం వేసేది.

సోమవారం గుడి లోపలి కమాను రాళ్ల కోసం లారీ మళ్లీ వస్తుందని కబురొచ్చింది. గంట మోగింది. ఊరంతా గుడి అరుగు మీద చేరింది.

"గవర్నరుకి అర్జీ పెడదాం" అన్నాడొకడు.

"పెట్టు. పోలీసు గార్డులొస్తారు, రాళ్లు రావు."

ఒనేసిమో లేచాడు. "మన గుడి మనమే బాగుచేద్దాం. ఇంటికొకరు రావాలి. దొరకి చేసే వెట్టి కాదిది, ఊరి పని. మనం పనిచేస్తుంటే లారీ ఎట్టా వస్తదో చూద్దాం."

"క్వారీలో పని పోద్దిరా!"

"పోనీ."

వెనకనుంచి ప్రిస్కో టోపీ తీసి చెయ్యెత్తాడు. "మా ఇంటి తరఫున నేనొస్తా."

"నువ్వా? దొరకి ఇంకో తాళంచెవి చేసిపెట్టడానికా?"

అందరూ నవ్వారు. ముసలాయన చెయ్యి కిందికి దిగిపోయింది. అది చూసి ఒబ్దూలియా తట్టుకోలేకపోయింది.

"ఆపండి! ఇచ్చింది నేను. ఆయన కాదు. నేనే ఇచ్చాను."



"సిగ్గులేదటే నీకు?" పక్కింటి కితేరియా మీదిమీదికొచ్చింది. "పెద్దాయన్ని కుక్కకన్నా హీనంగా చూశాం కదే, నువ్వు నోట్లో బెల్లం పెట్టుకు కూర్చున్నావా!"

ఒనేసిమో తల్లి ముందుకొచ్చాడు. "నా పని కోసమా అమ్మా?"

"నీ పని కోసమే."

"ఆ పనేగా నా గుండెల్లో రాతిపొడి నింపింది! దానికోసం గుడి కూడా ఇచ్చేశావా?"

కితేరియా కాసేపటికి తగ్గింది. "సరే, ఇదొక్కతే ఇచ్చిందా? పని పోద్దని నోరు మూసుకోని ఇల్లేది ఈ ఊళ్లో? మనందరి తాళాలూ ఆ దొర మొలకే వేలాడుతున్నాయి!"

ఒబ్దూలియా ప్రిస్కో ముందు నిలబడింది. "మామా, క్షమించు."

"ఇప్పుడు నా వల్ల కాదు" అన్నాడు ముసలాయన. "సోమవారం పనికి రా. దూలానికి రెండో కొస పట్టేవాళ్లు కావాలి."

సోమవారం వచ్చింది. దూలం ఒక కొస ప్రిస్కో భుజం మీద, రెండో కొస ఆమె భుజం మీద. తలుపుకి కొత్త తాళం, గుమ్మానికి అడ్డంగా ఊరు. లారీ వెనక్కి పోయి గార్డుల జీపుని వెంటబెట్టుకొచ్చింది.

"తాళం ఎవరి వంతు?" అన్నాడు గార్డుల జమాదారు.

"నాదే" అంది ఒబ్దూలియా.

"ఇటివ్వు."

"గంట కొట్టి సభ పిలవండి. ఊరు ఇవ్వమంటే ఇస్తా."

ఆమె జబ్బ పట్టుకుని లాగాడు. దూలం ఊగింది.

"ఓయ్, ఇది గోడెక్కాక తీసుకుపో!" ప్రిస్కో అరిచాడు. "అంత తొందరైతే నువ్వొచ్చి పట్టు!"

జనం ఘొల్లున నవ్వారు. కితేరియా వచ్చి ఆ కొస అందుకుంది. జమాదారు ఒబ్దూలియాని జీపెక్కించాడు. ముసలాయన తనకొక్క మాట చెబుతాడేమోనని ఆమె జీపులోంచి చూసింది. అతను దూలం వైపే చూస్తున్నాడు.

కొండ మలుపులో జీపు ఆగిపోయింది. క్వారీ పనివాళ్లంతా పనిముట్లు భుజాన వేసుకుని ఎదురొస్తున్నారు. పొద్దున్నే వాళ్లను పిలుచుకురావడానికి పోయిన ఒనేసిమో ముందున్నాడు. వాడి పని పోయినట్టే.

"అమ్మా!"

"నా దగ్గరేం పనిరా? పైకి పో! ప్రిస్కో మామ ఎంతసేపు మోస్తాడు?"

జమాదారు హారన్ కొట్టాడు. సగం మంది గుడి దారి పట్టారు. మిగతా సగం ఒనేసిమోతో పాటు జీపు ముందు రోడ్డు మీదే కూర్చున్నారు.