రవిక సరిపోయింది, మనిషే తగ్గింది

టైలరమ్మ కొట్టులో ఒక కట్టుబాటు ఉండేది. బట్ట వదులైనా బిగుతైనా తప్పు బట్టదే గానీ మనిషిది కాదు. లావయ్యారనో చిక్కారనో ఎవరినీ అనకూడదు. టేపుతో కొలిచి, నోరు మూసుకుని, కుట్టు సరిచేసి ఇచ్చేయాలి. మామూలుగా ఆవిడ నోటికి వీధి వీధంతా జడిసేది, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ నోటికి తాళమే. గిరాకీ తగ్గకపోవడానికి అదే కారణం.

ఆ మర్యాద కన్నతల్లి దగ్గర కూడా పాటించింది చూడండి, అక్కడే కొంప మునిగింది.

అమ్మ రవికలు కొన్నాళ్ళుగా వదులవుతూ వచ్చాయి. ఒకసారి భుజాలు జారాయి, ఇంకోసారి చేతులు వేలాడాయి. టైలరమ్మ ప్రతిసారీ విప్పి, లోపలికి మడిచి కుట్టి, తొడిగి, అద్దం ముందు నిలబెట్టి మురిసిపోయేది. వయసుతో పాటు నాజూకుతనం కూడా వస్తోందని తల్లిని ఆటపట్టించేది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టకపోతే చెప్పుల పట్టీలే వదులు చేసింది. చెప్పులదే తప్పు మరి.

ఆ పొద్దున అమ్మ స్నానాల గదిలో స్టూలు మీద కూర్చుని మళ్ళీ లేవలేకపోయింది. పడలేదు, జారలేదు, ఊరికే లేవలేకపోయింది. టైలరమ్మ చంకల కింద చేతులు వేసి ఎత్తితే పసిపిల్లలా తేలిగ్గా పైకొచ్చింది. అలాగే ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేలు తీయించి, రక్తం పరీక్షలన్నీ చూసి, ముసలావిడ పిక్కను రెండు వేళ్ళతో పట్టుకుంది. ఎముకలకేమీ కాలేదంది. కిడ్నీలు, గుండె బాగానే ఉన్నాయంది. "కాళ్ళలో కండే లేదమ్మా. ఈవిడ ఏం తింటున్నారు?"

టైలరమ్మకు రోషం వచ్చింది. తమ ఇంట్లో తిండికి లోటు లేదనీ, గుడ్లు, పాలు, చేపలు, చిక్కుడు గింజలు రోజూ వండుతామనీ గడగడా అప్పజెప్పింది.

"ఇంట్లో ఏముందని కాదు. ఈవిడ నోట్లోకి ఏం పోతోందని అడిగాను."

టైలరమ్మ లెక్క వేసి చూసుకుంది. తను కొట్టుకు వెళ్ళాకే అమ్మ తినేది. రాత్రి కూడా అందరి గిన్నెలూ సర్దాకే. తల్లి ముద్ద నోట్లో పెట్టుకోగా చూసి ఎన్నాళ్ళయిందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

డాక్టరమ్మ కటువుగా ఏమీ అనలేదు. తిండిలో ప్రోటీన్ రాకపోతే ఒళ్ళు ఊరుకోదనీ, సొంత కండనే కరిగించి వాడుకుంటుందనీ, పాదాలకు నీరు దిగడమూ అందుకేననీ చెప్పింది. పెద్దవాళ్ళకు కొంచెం తింటే చాలనుకుంటారు గానీ నిజానికి వాళ్ళకు ఇంకాస్త ఎక్కువే కావాలంది. అదీ ఒక్కపూటే కుక్కకుండా పూటపూటకూ కొంచెం కొంచెం పెట్టాలట. ఇప్పుడైనా తినకపోతే మంచానికే అతుక్కుపోతుందని తేల్చేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, టైలరమ్మ ఇంటికి పరిగెత్తి పళ్ళెం నిండా చేప ముక్కలూ, గింజలూ, ఉడికించిన గుడ్లూ తెచ్చింది. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని బుగ్గన దాచుకుంది. టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. మాకు మిగల్చాలని కడుపు మాడ్చుకుంటావా, ఎవరి కోసం ఈ త్యాగాలు, ఎవరడిగారు అని గదిలో అందరూ తిరిగి చూసేలా కడిగేసింది.

అమ్మ గుమ్మంలో ఎవరూ లేరని చూసుకుని పళ్ళ సెట్టు తీసి పక్కన పెట్టింది.

చిగుళ్ళు ఎర్రగా ఒరుసుకుపోయి పుళ్ళు పడ్డాయి. టైలరమ్మ చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. ఆ పళ్ళు తనే పట్టుబట్టి కట్టించింది. ఆ నవ్వును కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చూపించి గొప్పలు పోయింది కూడా.

కొరికితే ప్రాణం పోతోందనీ, అందుకే గంజీ, టీలో ముంచిన రొట్టే తిని గడిపేస్తున్నాననీ అమ్మ తగ్గుస్వరంతో చెప్పింది. "నా వంతు చేప పిల్లికేసేదాన్ని. అదెందుకంత బలిసిందనుకున్నావు?"

టైలరమ్మకు నవ్వు రాలేదు. "నాకొక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"చెబుదామనే అనుకున్నానే. రవిక తొడగ్గానే ఇప్పుడు చక్కగా సరిపోయిందమ్మా అనేదానివి. ఊరందరి ఒళ్ళూ కొలిచేదానివి, నీకు తెలీకుండా ఉంటుందా? నాకేమీ కాలేదు కాబోలనుకున్నాను."

టైలరమ్మ మంచం అంచున కూలబడింది. ఆ ఒళ్ళు కరిగిపోతుంటే చేత్తో తడిమి తెలుసుకున్నది లోకంలో తనొక్కతే. తెలిసిన ప్రతిసారీ దాని మీద కుట్టు వేసి కప్పేసింది. ఏడుపు రావాలి, అదీ రాలేదు. గుడ్డును పాలలో మెత్తగా మెదిపి, స్పూనుతో తల్లి నోటికి అందించింది. అమ్మ చప్పరించి మింగింది.

కాసేపటికి దుప్పటి కింద కాలు కదపాలని చూసింది. కదిలింది గానీ లేవలేదు.

"మళ్ళీ నడుస్తానంటావా?"

ఒంటి సంగతి వస్తే ఎవరినీ నొప్పించని మాట వెతికిపెట్టడం టైలరమ్మకు ఎప్పుడూ చిటికెలో పనే. ఈసారి వెతకలేదు.

"తెలీదమ్మా," అంది. "నోరు తెరువు."