పావు టాంకు పెట్రోలు

పదిన్నరకి జనరేటరు ఆగిపోయింది. దగ్గలేదు, మూలగలేదు, ఊరికే ఆగిపోయింది. లోపల మా ఆయన రాయిస్‌కి ఊపిరందించే ఆక్సిజన్ మిషను కీచుమని ఒక్క అరుపు అరిచి, అదీ ఊరుకుంది.

నాకు అరవై తొమ్మిదేళ్ళు. ఆరేళ్ళుగా ఈ ఇంటిబండిలోనే మా కాపురం. చలికాలమంతా అరిజోనా ఎడారిలో, ఎండలు ముదరగానే ఉత్తరాన కొండల్లో. ఈసారి మే నెల సగం గడిచినా కదల్లేదు. అడిగితే "వచ్చేవారం" అంటాడు రాయిస్. ఆ వచ్చేవారం రానే రాదు. చుట్టూ ఉన్న బండ్లన్నీ ఏప్రిల్లోనే వెళ్ళిపోయాయి. మిగిలింది మేమూ, అరమైలు అవతల డెల్బర్ట్ అనే ఒంటికాయ శొంఠికొమ్మూ.

గబగబా ఆక్సిజన్ సిలిండర్ తెరిచి ఆయన ముక్కు గొట్టాలు దానికి తగిలించాను. ముల్లు సగం దగ్గరుంది. అంటే రెండు గంటలు, అదీ ఆయన నోరు మూసుకుని కూర్చుంటే. రెండో సిలిండర్ ఖాళీ. మా బ్యాటరీలు ముసలివి, ఫ్యాను తిప్పడానికే ఆయాసపడతాయి. ఇక ఫోను సంగతి చెప్పుకోవడం దండగ. ఇక్కడ అది టైము చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

"కంగారు పడకే," అన్నాడు రాయిస్. "ఆయిలు తగ్గిందేమో చూడు."

బయట నూటపది ఫారన్‌హీట్ డిగ్రీల ఎండ. చూశాను, ఆయిలు ఉంది. గాలి వడపోతకి ఇసుక పట్టి ఉంటే దులిపాను. ప్లగ్గు ఊడదీసి గోళ్ళ ఆకురాయితో గీకి మళ్ళీ బిగించాను. వేళ్ళ కణుపులు కాలాయి. మీట నొక్కితే జనరేటరు రెండు క్షణాలు తిరిగి చచ్చిపోయింది. పెట్రోలు జాలీ మార్చాను. గొట్టం పొడిగా ఉంది.

"పెట్రోలుందా?" అని కిటికీలోంచి అడిగాను.

"సగం పైనే ఉంది," అన్నాడు కళ్ళు మూసుకుని.

జనరేటరు తాగేదీ బండి టాంకులోని పెట్రోలే. బండి తాళంచెవి తిప్పితే తప్ప పెట్రోలు ముల్లు లేవదు. ఆ తాళంచెవి ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. మొదటి ఏడే నేను బండి నడుపుతూ ఒక పెట్రోలు బంకు కప్పుని గీకేశాను. అప్పటినుంచీ నన్ను చక్రం ముందు కూర్చోనివ్వలేదు, నేనూ అడగలేదు. సగం ఉందంటే ఉందనే అనుకున్నాను. పంపే పాడయిందని తేల్చుకుని, కార్బొరేటరు కూడా విప్పి నేలమీద గుడ్డలో పరిచాను.

పన్నెండవుతోంది. రాయిస్ పెదాలు నీలంగా మారాయి.

"ఇంజన్ స్టార్ట్ చేద్దాం. దాని కరెంటుతో నీ మిషను నడుస్తుందిగా?"

"ఈ ఎండలో నిలబెట్టి నడిపితే ఉడికిపోద్దే. అదీ పోతే ఇద్దరం ఇక్కడే ఎండుచేపలం."

సిలిండరు ముల్లు ఎర్రగీతని తాకింది. నేను హారన్ మీద చెయ్యి వేశాను. ఎడారిలో ఒక మోతకి ఎవడూ తల ఎత్తడు. మూడు పొడుగు మోతలకి మాత్రం నోట్లో ముద్దున్నా వచ్చి తీరాలి.

"వద్దే. డెల్బర్ట్ నవ్విపోతాడు," అన్నాడు రాయిస్.

"నవ్వనీ. నీ ప్రాణం కంటే నా పరువు ఎక్కువా?" అని మూడుసార్లు మోగించాను.

డెల్బర్ట్ తన బుల్లి ఎడారి బండిలో దుమ్ము రేపుకుంటూ వచ్చాడు. "ఏవమ్మా వెర్నా, మొహమంతా మసేంటి? రాయిస్ నీచేత బొగ్గులమ్మిస్తున్నాడా?" అన్నాడు. అంతలో గుడ్డమీద పరిచిన సామాను చూశాడు. "ఓర్నీ, కార్బొరేటరు కూడా విప్పేశావా. పెట్రోలెంతుంది?"

"సగం పైన."

"ఎవరు చెప్పారు?"

"మా ఆయన."

"ముల్లు నువ్వు చూశావా?"

లోపలికి వెళ్ళి తాళంచెవి కోసం చెయ్యి చాచాను. రాయిస్ ఇవ్వలేదు, మొహం అటు తిప్పుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టి నేనే లాక్కున్నాను. తిప్పితే ముల్లు లేచి పావుగీత కిందే ఆగిపోయింది.

కిటికీ దగ్గర డెల్బర్ట్ పగలబడి నవ్వాడు. "మనవాళ్ళంతా ఒక్కసారైనా చేసే తప్పే ఇది. నేనయితే నాది మూడ్రోజులు విప్పాను. జనరేటరుకెళ్ళే గొట్టాన్ని టాంకులో పొట్టిగా పెడతారమ్మా. పావుకి దిగితే దానికి అందదు. చల్లగా ఏసీ వేసుకుని పడుకున్నోడు ఎడారిలో ఇరుక్కుపోకుండా, బయటపడ్డానికి ఆ పావూ వదిలేస్తారు. ఈ సంగతి నాకు చెప్పిందే మీ రాయిస్."

అన్నాక అతని నవ్వు ఆగిపోయింది. నన్ను చూశాడు, రాయిస్‌ని చూశాడు. "ఇంజన్ తిప్పండి. బండి పోతుంటే ఉడకదు, మిషనూ నడుస్తుంది. నేను చక్రాల కింద చెక్కలు తీస్తా," అని తల దించుకుని వెళ్ళాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గంటన్నరసేపు నేను ఎండలో చేతులు కాల్చుకుంటుంటే, ఈ మనిషి కళ్ళు మూసుకుని సిలిండరు చప్పుడు వింటూ కూర్చున్నాడు.

"తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే నాచేత ప్లగ్గులు గీకించావా? కొంప ముంచావు కదయ్యా. ఎందుకు?"

రాయిస్ కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "పెట్రోలుకని ఊళ్ళోకెళ్తే, నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్తావు."

"లాక్కెళ్తాను."

"ఆయన అట్టే పెట్టుకుంటాడు. మార్చిలోనే చెప్పాడుగా, ఇక బండీ గిండీ లేదు, మంచమేనని. నేను ఆ గోడలు చూస్తూ పోనే. ఇక్కడే పోతాను."

"మరి నేను?"

"నీకోసమే ఆ పావు. నన్ను పంపించాక మీ చెల్లెలి ఊరిదాకా సరిపోద్ది. దూరం చూసుకున్నాను. జనరేటరు దాన్ని ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోను." ఆయన గొంతులో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. "డెల్బర్ట్ నడుపుతాడులే. నీకు భయమని తెలుసు."

నేను ఏడ్చాను. దాచుకోవడానికేముంది, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆరేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికి, ఈ మనిషి నాకు తెలియకుండా చావుకి ముహూర్తం పెట్టుకుని, దారిఖర్చు కింద నాకు పావు టాంకు పెట్రోలు మిగిల్చాడు. కోపం ఎక్కడ ఆగిందో, ప్రేమ ఎక్కడ మొదలయిందో నాకే తెలియలేదు.

"నాకోసం దాచావు కదా?" అన్నాను మొహం తుడుచుకుని.

"ఊఁ."

"అయితే అది నాది. నా ఇష్టమొచ్చినట్టు తగలేస్తాను."

తాళంచెవి పూర్తిగా తిప్పాను. ఇంజన్ రెండుసార్లు గొణిగి అందుకుంది. లోపల మిషను బుసకొట్టడం మొదలుపెట్టింది. గొట్టాలు మార్చి ఆయన ముక్కుకి పెడితే తల అటు తిప్పుకున్నాడు. గడ్డం పట్టుకుని ఇటు తిప్పి పెట్టాను, చెంపల మీదుగా చెవుల వెనక్కి బిగించాను. పసిపిల్లాడికి మందు పోసినంత పనయింది.

"నేను నడపనా?" అన్నాడు డెల్బర్ట్ తలుపు దగ్గర.

"వద్దు. నువ్వు ముందు పో, గట్టినేల చూపించు."

సీటు ముందుకి జరుపుకుని కూర్చున్నాను. ముప్పైనాలుగు అడుగుల బండి కదిలింది. వెనక ఎక్కడో గిన్నెలు దొర్లాయి. విప్పిన కార్బొరేటరు గుడ్డతో సహా అక్కడే ఇసుకలో ఉండిపోయింది.

"వెర్నా," అన్నాడు రాయిస్. ఊపిరి అందుతోంది కాబట్టి మాట స్పష్టంగా వచ్చింది. "ఆ డాక్టరు దగ్గర నన్ను వదిలేసి రానని మాటివ్వు."

డాక్టరుండే ఊరు, క్వార్ట్జ్‌సైట్, ఇంకా పద్నాలుగు మైళ్ళు. ముందు డెల్బర్ట్ రేపిన దుమ్ములో దారి సరిగ్గా కనపడటం లేదు.

"మాటివ్వవే."

డాక్టరు ఏమంటాడో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన వైపు చూస్తే బండి ఆపేస్తానేమోనని భయమేసింది. మాట ఇవ్వలేదు. చక్రం గట్టిగా పట్టుకుని నడుపుతూ ఉన్నాను.