బల్ల మధ్య గిన్నె

నేను ఒక ఎంగిలి గిన్నెని. ఇప్పుడు నన్ను అద్దాల బీరువాలో కూర్చోబెట్టి, కింద 'సలాడ్ గిన్నె' అని చీటీ అతికించారు. చూడవచ్చినవాళ్లు "అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో!" అంటుంటే నాకు నవ్వొస్తుంది.

ఇజ్రాయెల్ ఉత్తరపు సరిహద్దు కంచె పక్కన ఒక కిబ్బుట్జ్‌లో గడిచింది నా బతుకంతా. కిబ్బుట్జ్ అంటే పొలం, ఆవులు, వంట, ఆఖరికి తొడుక్కునే చొక్కాలు కూడా అందరివీ అయిన ఊరు. ఏదో రేకుల కార్ఖానాలో పుట్టిన నన్ను తెచ్చి భోజనశాలలో బల్ల మధ్య పెట్టారు. దోసకాయ చెక్కు, గుడ్డు పెంకు, ఆలివ్ గింజ, అన్నీ నాలోకే. అలా వాళ్ల ఎంగిలి కూడా ఉమ్మడిదే అయింది.

ఆ మనుషులు నాకు పూర్తిగా ఎప్పుడూ అర్థం కాలేదు. టమాటా ఎంత సన్నగా తరగాలన్నదానికి కూడా వాదించుకుని, చేతులెత్తి తేల్చుకునేవారు. పిల్లలు కూడా అందరివారేనని తీర్మానించి, పుట్టిన కొద్ది వారాలకే పిల్లల ఇంటికి చేర్చేవారు. సాయంత్రం కాసేపు అమ్మానాన్నల దగ్గర ఆడుకోవడం, పడుకునేది మాత్రం తోటిపిల్లల మధ్య. మొదట్లో ఆ పద్ధతి కోసం గొంతు చించుకున్నవాడు ఆవుల కొట్టం చూసే నఫ్తాలి.

అతని భార్య హెన్యా. ఒక వేసవి రాత్రి కంచె అవతలి నుంచి ఫిరంగి గుండ్లు పడ్డాయి. పిల్లలంతా నేలమాళిగలో క్షేమంగానే ఉన్నారు. కానీ కూతురు తిర్జాని కళ్లారా చూసుకోవడానికి హెన్యాకి తెల్లారేదాకా కుదరలేదు. ఇక అప్పటినుంచి ఆమెది ఒకటే పట్టు. భోజనశాలలోనే జరిగే వారాంతపు సభలో లేచి నిలబడింది.

"నా పిల్ల నా పక్కలో పడుకోవాలి. ఇదేమన్నా పెద్ద కోరికా?"

"నీకు ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతారు," అన్నారెవరో.

"అడగనివ్వండి. ఎవరూ అడగరేమోనని నా భయం."

చేతులెత్తే వేళ నఫ్తాలి తన చెయ్యి వంక కాసేపు చూసుకున్నాడు. తర్వాత ఎత్తాడు, భార్య వైపే. ఆమె మాట నెగ్గింది. నాకెందుకో పట్టరాని సంతోషం కలిగింది.

మర్నాడు సాయంత్రం తిర్జా దిండు చంకన పెట్టుకుని అమ్మానాన్నల గదికి వెళ్లింది. ఆ మరుసటి పొద్దున భార్యాభర్తలిద్దరే నా బల్ల దగ్గరికి వచ్చారు.

"పిల్ల హాయిగా నిద్రపోయిందా?" ఎదుట కూర్చున్న వంటశాల జెల్డా ఆత్రంగా అడిగింది.

"ఎక్కడ! ఒకటే ఏడుపు. తోటిపిల్లల ఊపిరి వినబడటం లేదట, భయమేస్తోందట. 'నన్ను ఇంటికి తీసుకెళ్లు' అంది. నా పక్కలో పడుకుని, నాతోనే అంది! తీసుకెళ్లి పిల్లల ఇంట్లో దింపి వచ్చాను."

చెబుతూనే హెన్యా గుడ్డు వలిచి, పెంకు పళ్లెంలో ఉంచుకుని, గుడ్డు నాలో పడేసింది. బల్ల చుట్టూ ఎవరూ నవ్వలేదు. నఫ్తాలి నాలో చెయ్యి పెట్టి గుడ్డు తీశాడు. అంటుకున్న దోసచెక్కు దులిపి ఆమె పళ్లెంలో పెట్టాడు.

"మనం అనుకున్నట్టే పెంచాం కదే," అన్నాడు. ఆ గొంతులో గర్వం కోసం వెతికాను, దొరకలేదు. "సాయంత్రం వస్తుందిలే."

"వస్తుంది," అంది హెన్యా, "చుట్టపుచూపుగా."