కుంకుమ బొట్టు నాకే

నేను ఒక వైపర్ మోటారును. జగిత్యాల వైపు తిరిగే ఓ పాత బస్సు అద్దం మీది నీళ్ళు తుడవడం నా కొలువు. వాన పడితే డ్రైవరుకు నేనే దేవుణ్ణి. వాన వెలిస్తే నేనున్న సంగతే గుర్తుండేది కాదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య!

బస్సు పాతబడి ముక్కలయ్యాక నన్ను ఇనప సామాను కొట్లో పడేశారు. బాలికల హైస్కూల్లో పదో తరగతి చదివే నవనీత, ముబీనా అక్కడికొచ్చి నన్నూ, నాలాంటి ఇంకో మోటారునూ ఏరుకున్నారు. రోబో చేస్తారట. కుడి చక్రం నాకిచ్చారు, ఎడమది నా జోడీకి. దారి చూసే చిన్న కన్నును రోబో పొట్ట కింద బిగించారు. ఇన్నాళ్ళూ ఒకేచోట తిరిగిన నేను మొదటిసారి ముందుకు కదిలాను.

విరిగిన బెంచీలు పడేసే గదిలో మా పని సాగింది. జిల్లా పోటీలో రోబో చివరి గీత దాటకపోతే ఆ గది మళ్ళీ బెంచీలకేనని హెడ్మాస్టరు ముందే చెప్పేశారు. అప్పట్నుంచి నవనీతకు అన్నం సయించలేదు.

పోటీలో నేలమీది నల్లగీత వెంట రోబో తనంతట తాను నడిచి, నీళ్ళ డబ్బాతో ఎత్తు ఎక్కాలి. మిగతా బడుల రోబోలన్నీ తళతళలాడే కొత్తవి. మమ్మల్ని చూసి ఎవరో "ఇది రోబోనా, రోడ్డు రోలరా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

మా వంతు రాకముందు, ఫిజిక్స్ చెప్పే మా సువర్ణ టీచర్ అక్కడే కొత్త బండికి చేసినట్టే పూజ చేశారు. చక్రాల కింద కుంకుమ అద్దిన నిమ్మకాయలు పెట్టి, "తొక్కియ్యుండ్రి" అన్నారు. బరువైనవాళ్ళం కదా, పచ్చడి చేశాం. తీరా గీత మీద పెడితే కాస్త దూరం వెళ్ళి అక్కడే గిరగిరా తిరిగాం. హాలంతా నవ్వింది. ఇక మిగిలింది ఒక్క అవకాశమే.

నవనీత కన్నీళ్ళతోనే కంప్యూటర్ తెరిచి ప్రోగ్రాంలో తప్పు వెతికింది. "నిన్నటిదాక మంచిగనే నడిచింది గదనే!" అంది. తప్పెక్కడో నాకు తెలుసు. బతుకంతా అద్దం తుడిచినవాణ్ణి, మసక చూపు సంగతి నాకు తెలియదా? కానీ చెప్పడానికి నోరేది?

ముబీనా రోబోను వెల్లకిలా తిప్పింది. "గిటు సూడే నవనీతా! కంటికి నిమ్మరసం, కుంకుమ అంటుకున్నది. ఇంక గీత ఎట్ల కనవడ్తది?"

బడిలో కాంతి పాఠం చెప్పే సువర్ణ టీచరే నాలుక కరుచుకుని, తన కొంగుతోనే ఆ కన్ను తుడిచారు.

రెండోసారి గీత తప్పలేదు. డబ్బా బరువుకు కొత్త రోబోలు జారిపోయిన ఎత్తును నేనూ నా జోడీ పళ్ళు బిగించి ఎక్కేశాం. గాలివానలకే వెరవనివాళ్ళం, ఇదెంత! చివరి గీత దాటగానే పిల్లలిద్దరూ మమ్మల్ని వాటేసుకున్నారు. అంత గర్వం నేనెన్నడూ ఎరగను.

బెంచీల గది ఇప్పుడు రోబోల గది. కొత్త పిల్లలొచ్చారు, కొత్త మోటార్లొచ్చాయి. నేను అలమారలో ఉంటున్నాను. పూజ మాత్రం మానలేదు. పోటీకి వెళ్ళేముందు కొత్త రోబోను దూరంగా పెట్టి, "కుంకుమ దీనికి పెట్టుండ్రి, ఏం గాదు" అని టీచర్ నన్ను చూపిస్తారు.

దర్జాగా పెట్టించుకుంటాను. బతుకంతా తుడిచినవాణ్ణే గానీ, ఆ బొట్టును మాత్రం తుడుచుకోను.